సువాన్ నోరేబాంగుల్లో నా అనుభవం

దక్షిణ కొరియాలోని సువాన్ నగరానికి ఉద్యోగాల కోసం వచ్చే తెలుగువారిలో చాలామంది నోరేబాంగ్, అంటే గది అద్దెకు తీసుకుని సంగీతం వెంట మైకులో పాడుకునే కరావోకే చోటు, అనగానే వెనకాడతారు. అది తాగినవాళ్ళు అర్ధరాత్రి దాకా అరుచుకునే చోటని, ఆడవాళ్ళనూ పిల్లలనూ తీసుకువెళ్ళదగినది కాదని నేను వచ్చిన కొత్తలో ఇక్కడి మనవాళ్ళే నాకు చెప్పారు. ఆ మాటలో కొంత నిజం ఉంది గాని, ఆ నిజం నోరేబాంగ్‌ది కాదు, పక్కనే అదే రంగు దీపాలతో వెలిగే మరో రకం దుకాణానిది. ఆ రెండింటికీ తేడా తెలుసుకున్న తరువాత, ఈ దేశంలో కొత్తగా వచ్చిన మనిషికి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చనువు దొరికే చోటు మరొకటి లేదని నాకు గట్టిగా అనిపించింది.

మొదట ఆ తేడా గురించే చెప్పాలి. చట్టప్రకారం నడిచే నోరేబాంగ్ 'నోరే యొన్‌సుప్‌జాంగ్'గా నమోదవుతుంది, బోర్డు మీద ఆ పేరు కొరియన్ అక్షరాల్లో రాసి ఉంటుంది. అక్కడ మద్యం అమ్మకూడదు, కస్టమర్ల పక్కన కూర్చుని పాడడానికీ మాట్లాడడానికీ డబ్బిచ్చి మనుషులను పిలిపించకూడదు. పిల్లలను ఉదయం 9 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు రానిస్తారు. మద్యం అమ్ముతూ పాటలు పాడించే 'దాన్‌రాన్ జుజొమ్', పక్కన కూర్చునే తోడు మనుషులను కూడా పెట్టే 'యుహుంగ్ జుజొమ్' వేరే అనుమతులతో నడుస్తాయి, వాటి బిల్లులూ వేరే. వీధిలో నిలబడి చూస్తే అన్నింటికీ ఒకేలాంటి మైకు బొమ్మలు, ఒకేలాంటి మెట్లు. అందుకే కొరియన్ లిపి నేర్చుకునేవారికి నేను ముందుగా ఈ మూడు పేర్లు చదవడం నేర్చుకోమని చెబుతాను. ఆ లిపి కూడబలుక్కుని చదవడానికి కొన్ని రోజుల సాధన చాలు.

ఒకసారి భోజనం ముగించుకుని స్నేహితులతో కలిసి నేలమాళిగలో ఉన్న ఒక దుకాణానికి వెళ్ళాను. కూర్చోగానే పళ్ళ పళ్ళెం, బీరు సీసాలు బల్ల మీదికి వచ్చాయి, ధర ఎవరూ చెప్పలేదు. తరువాత ఒకాయన వచ్చి, తోడుగా పాడడానికి అమ్మాయిలను పిలవమంటారా అని అడిగాడు. మాతో ఉన్న కొరియన్ సహోద్యోగి ఒక్క మాట కూడా పెంచకుండా, ఏదీ ముట్టలేదని మర్యాదగా చెప్పి, అందరినీ బయటికి తీసుకొచ్చాడు. గంటకు ఎంతో గోడ మీద రాసి లేనిచోట కూర్చోకూడదని ఆయన ఆరోజు చెప్పిన మాట నేను ఇప్పటికీ పాటిస్తున్నాను, కొత్తవారికీ చెబుతున్నాను.

అసలైన నోరేబాంగ్ ఎలా ఉంటుందో నాకు చూపించింది మా బుజాంగ్‌నిం, అంటే మా విభాగాధిపతి. ఇక్కడి ఆఫీసుల్లో అందరూ కలిసి చేసే విందును హ్వెసిక్ అంటారు. మొదటి విడత మాంసం కాల్చుకు తినే హోటల్లో జరుగుతుంది, రెండో విడత తరచుగా నోరేబాంగ్‌లో జరుగుతుంది. మాంసం తినని, మద్యం ముట్టని తెలుగువారికి మొదటి విడత ఎంత ఇబ్బందిగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు, గంటల తరబడి ముల్లంగి ముక్కలు నములుతూ నవ్వు ముఖం పెట్టుకుని కూర్చోవాలి. రెండో విడతలో తినేవారు, తిననివారు అన్న తేడా లేదు. గదిలో అందరి ముందూ ఉండేది ఒకే తెర, ఒకే పాట.

బుజాంగ్‌నింది బుసాన్. కొరియాలో నోరేబాంగులు మొదలైంది 1991లో ఆ ఊళ్ళోనే. సముద్రానికి అవతలే జపాన్ కాబట్టి అక్కడి కరావోకే మొదట చేరింది ఆ రేవుకే. తన చిన్నతనంలో నాణెం వేసి ఒక్కో పాట పాడేవారని, పాట అయిపోగానే ఇంకో నాణెం కోసం జేబులు వెతుక్కునేవారని ఆయన చెబుతుంటే, ఈ వ్యవహారమంతా మా కాలంలో పుట్టినది కదా అన్న ఆత్మీయత ఆయన గొంతులో వినిపించింది.

కౌంటర్ దగ్గర యజమానిని 'సాజంగ్‌నిం' అని పిలిచి, ఎంతమందిమో చెప్పి, గంట లెక్కన ముందే డబ్బు కట్టాలి. మేము వెళ్ళే చోట సాయంత్రాలు గదికి గంటకు 20,000 వోన్లు తీసుకుంటారు, ఆరుగురు పంచుకుంటే అది పెద్ద ఖర్చు కాదు. మైకులకు తొడిగే పలచని తొడుగులు కౌంటర్ దగ్గరే ఉంటాయి, అడగకుండానే ఇస్తారు. గదిలో ఎల్ ఆకారపు సోఫా, తిరిగే రంగుదీపం, రెండు మైకులు, రెండు టాంబరీన్లు ఉంటాయి. తలుపుకు గాజు ఉంటుంది కాబట్టి నడవాలోంచి లోపలివారు కనిపిస్తారు. కుటుంబంతో వెళ్ళినప్పుడు నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది ఆ గాజే.

ఇక రిమోట్. కొరియాలో టీజే, కుమ్‌యొంగ్ అనే రెండు కంపెనీల యంత్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రతి పాటకూ ఒక సంఖ్య ఉంటుంది, ఒకే పాటకు ఒక్కో కంపెనీలో ఒక్కో సంఖ్య. సంఖ్య నొక్కి 'సిజాక్' నొక్కితే పాట వెంటనే మొదలవుతుంది, 'యెయాక్' నొక్కితే వరుసలో చేరుతుంది. ఇంకొకరు పాడుతుండగా 'చ్విసో' తగిలితే వారి పాట ఆగిపోతుంది కాబట్టి ఆ మీట ఎక్కడుందో ముందే చూసుకోవడం మంచిది. శ్రుతి పెంచడానికి, తగ్గించడానికి మీటలున్నాయి. ఆడవారి పాటను మగవారు, మగవారి పాటను ఆడవారు పాడుకునేలా స్థాయి మార్చే మీట కూడా ఉంది. మధ్యలో వచ్చే వాద్యసంగీతాన్ని దాటేసే మీట ఒకటి, మొదటి చరణంతోనే పాటను ముగించే మీట మరొకటి. పదిమంది ఉన్న గదిలో ఈ చివరి రెండింటినీ వాడడం పెద్ద మర్యాద, అలా వాడేవారిని అందరూ ఇష్టపడతారు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా రంగు మారుతుంటాయి. చదవడం నెమ్మదిగా వచ్చే మనిషికి ఆ రంగు ముందుకు పరిగెత్తుతున్నట్టే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది అక్కడ వినే పద్ధతి. ఒకరు పాడుతుంటే మిగతావారు సెల్‌ఫోన్ చూసుకుంటూ కూర్చోరు. టాంబరీన్ పట్టుకున్నవారి పని మన భజనలో తాళాలు పట్టుకున్నవారి పనిలాంటిదే, పాడేవారి లయ తప్పినా వీరి లయ తప్పకూడదు. పెద్దవారు ట్రాట్ అనే పాతకాలపు ధోరణి పాటలు ఎత్తుకుంటే, ఇరవై ఏళ్ళవారు కూడా పల్లవిలో గొంతు కలుపుతారు. పాట చివర యంత్రం ఇచ్చే మార్కులకు పెద్దగా విలువ లేదు. గొంతు చించుకున్నవారికి 98, ఎంతో శ్రావ్యంగా పాడినవారికి 85 రావడం నేను చాలాసార్లు చూశాను.

మేము వెళ్ళిన చోట్ల యంత్రంలో తెలుగు పాటలు లేవు. ఇంగ్లీషు, జపనీస్, చైనీస్ పాటలు బోలెడున్నాయి, మన భాషకు మాత్రం చోటు లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించిన విషయం, ఎందుకంటే గొంతు విప్పి పాడాలంటే పుట్టి పెరిగిన భాషలోనే పాడాలనిపిస్తుంది. దానికి నేను కనుక్కున్న మార్గం ఇది: రెండు పాటల మధ్య యంత్రాన్ని ఆపమని అడిగి, సెల్‌ఫోన్‌లో వాద్యసంగీతం మాత్రమే ఉన్న ట్రాక్ పెట్టి, దాన్ని ఒక మైకుకు దగ్గరగా పట్టుకుని రెండో మైకులో పాడతాను. మాటలు అర్థం కాకపోయినా మా బృందం వారు టాంబరీన్‌తో లయ అందుకుంటారు, మూడోసారి పల్లవి వచ్చేసరికి చివరి పదం వారి నోటా పలుకుతుంది.

కొరియన్ పాట నేర్చుకోవాలనుకునేవారికి కాయిన్ నోరేబాంగ్ ఉంది. విద్యార్థులు దాన్ని ముద్దుగా 'కోనో' అంటారు. ఒకరో ఇద్దరో పట్టే చిన్న గది, 1,000 వోన్లు పెడితే కొన్ని పాటలు వస్తాయి, చాలాచోట్ల కౌంటర్‌లో మనిషి కూడా ఉండడు. విశ్వవిద్యాలయాల చుట్టూ ఇవి ఎక్కువ. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు మధ్యాహ్నం పూట ఒంటరిగా వెళ్ళి, ఒకే పాటను నాలుగుసార్లు పాడుకుని, నాలుక తిరిగాక స్నేహితులతో పెద్ద గదికి వెళితే బెరుకు చాలావరకు పోతుంది.

కుటుంబంతో వెళ్ళేవారు వారం మధ్యలో, పగటిపూట వెళ్ళడం మంచిది. ధర తక్కువ, పక్క గదుల గోల ఉండదు, పైగా జనం లేని వేళల్లో గంట ముగిసే సమయానికి తెర మీద మిగిలిన నిమిషాల అంకె ఉన్నట్టుండి పెరుగుతుంది. సాజంగ్‌నిం కౌంటర్ నుంచే పది నిమిషాలో, ఇరవై నిమిషాలో 'సొబిస్సు'గా కలుపుతారు, దానికి డబ్బు తీసుకోరు. వెళ్ళేటప్పుడు కౌంటర్ దగ్గర ఆగి కృతజ్ఞతలు చెప్పి రావాలి, మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన తప్పక గుర్తుపడతారు.