ఆకుపచ్చ ట్యాంకు అక్కది

2019 ఉగాదికి అక్కావాళ్ళు మదనపల్లె నుంచి తిరుపతికి, మా ఇంటికి వచ్చినారు. భోజనాలయినాక మేనల్లుడు తన ఫోన్ నా చేతిలో పెట్టి, "మామా, నువ్వు ఎప్పుడూ చెప్తుంటావే మారియో, ఇదిగో ఆడు" అన్నాడు. ఆడినాను. మొదటి స్టేజీలోనే మూడు లైఫులూ పోయినాయి. దూకాల్సిన చోట వేలు ఒక క్షణం వెనకబడుతోంది. పాట కూడా ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. పక్కన కూర్చుని వింటున్న అక్క, "ఇది మన పాట కాదురా" అనింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికి చదివితే అక్క చెప్పింది అక్షరాలా నిజమని తేలింది. జపాన్, అమెరికా టీవీల్లో సెకనుకు 60 సార్లు బొమ్మ మారుతుంది. మన దేశంలో అప్పటిది పాల్ అనే టీవీ పద్ధతి, 50 సార్లే. ఆ కాలపు ఆటలు దాదాపు అన్నీ బొమ్మ మారిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు వేసేలా రాసినవి. అందుకని మా ఇంట్లో ఉన్నలాంటి, టీవీకి తగిలించి ఆడే గేమ్ బాక్సుల మీద మారియో నడకా, పాటా దాదాపు ఆరో వంతు నెమ్మది. ఫోన్లో ఉన్నది జపాన్ పిల్లల వేగం. మా ఇద్దరి చేతులకు అలవాటైన వేగం మాత్రం చిత్తూరు ఇంట్లో, అటక మీద, పాత ఇత్తడి సామాన్ల వెనక ఎక్కడో పడి ఉంది.

ఇప్పుడు నా అలమరాలో 70 దాకా ఆటల క్యాసెట్లున్నాయి. వాటన్నిటికీ మొదలు ఆ అటకే.

బాక్సును నాన్న 1997లో తెచ్చినాడు. నాన్న ఆర్టీసీ డ్రైవరు, చిత్తూరు డిపో. చెన్నై సర్వీసు పడినప్పుడు బర్మా బజారుకు పోయి, రెండు రిమోట్లు, ఒక ఆట తుపాకీ, నాలుగు క్యాసెట్లతో పట్టుకొచ్చినాడు. కార్ట్రిడ్జ్ అనే మాట మాకు తెలియదు, ఊరంతా క్యాసెట్టే అనేది. వాటి మీది బొమ్మల కాగితాలు ఏడాదిలోపే ఊడిపోతే, తెల్ల ప్లాస్టరు అంటించి బాల్‌పెన్నుతో తనే పేర్లు రాసినాడు. మారియో, ట్యాంకులు, బాతులు. కాంట్రా అనే పేరు ఆయన నోటికి పట్టలేదేమో, దానిమీద 'యుద్ధం' అని ఉంటుంది.

చిత్తూరుకు పోయి అటక ఎక్కినాను. అమ్మ నిచ్చెన పట్టుకుని కింద నిలబడి, "దేనికి నాయినా ఇప్పుడవన్నీ, బల్లులుంటాయి" అంటూనే ఉంది. బాక్సు దొరికింది. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ ముదురు పసుపుకు తిరిగింది. కరెంటు అడాప్టర్ లేదు. క్యాసెట్లు నాలుగూ ఉన్నాయి, ప్లాస్టర్ల మీద నాన్న రాత కూడా ఉంది, కొద్దిగా వెలిసిపోయి.

ఇక్కడ తొందరపడినాను. మరుసటి రోజు తిరుపతిలో ఒక అంగడికి తీసుకుపోతే, అక్కడి కుర్రాడు తన దగ్గరున్న 9 వోల్టుల అడాప్టర్ గుచ్చినాడు. పిన్ను పట్టింది, వోల్టులూ సరిపోయినాయి. రెండు సెకన్లకు కాలిన వాసన వచ్చింది. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ భాగం పిన్ను మధ్యలో ప్లస్ ఉంటుంది. నింటెండో వాళ్ళ గేమ్ బాక్సు ఫ్యామికామ్‌కు, దాన్ని చూసి చేసిన మా బాక్సుకు మధ్యలో మైనస్. ఎవరైనా అటక మీది నుంచి ఇలాంటిది దించితే, దయచేసి అన్నిటికంటే ముందు మల్టీమీటర్‌తో ఆ సంగతి చూసుకోండి. ఆ వాసన తగిలినప్పుడు నాకు కాళ్ళు చల్లబడినాయి. అంగడివాళ్ళు "పాతది కదా సార్, ఎప్పుడో పోయుంటుంది" అన్నారు. పోలేదు. నా కళ్ళముందే కాలింది.

గాంధీ రోడ్డు వెనక సందులో పాత టీవీలు బాగుచేసే అన్న ఒకాయన ఉన్నాడని తెలిసి, పట్టుకుపోయినాను. ఆయన బాక్సు మూత విప్పి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, బోర్డును ముక్కుకు ఆనించి వాసన చూసినాడు. లోపల ఒక నల్లటి జిగురు ముద్ద ఉంది, రూపాయి బిళ్ళంత. ఫ్యామికామ్ లోపలి చిప్పులన్నీ కలిపి ఆ ముద్ద కింద ఒకే చిప్పులో ఉంటాయి. "మెదడు పోతే ఇంక పారేయాల్సిందే సామీ. కానీ ఇది మూడు కాళ్ళది పోయినట్టుండాది" అన్నాడు. మూడు కాళ్ళదంటే 7805 రెగ్యులేటరు. వచ్చే 9 వోల్టులను 5 వోల్టులకు దించి చిప్పుకు ఇచ్చేది. తప్పు కరెంటు దెబ్బను అదే తిని, వెనకున్న చిప్పును కాపాడింది. దాన్నీ, నెత్తి ఉబ్బిన ఒక కెపాసిటర్‌నూ మార్చి, సోల్డరింగ్ పెట్టి, అడాప్టర్ వైర్లు తిరగేసి ఇచ్చినాడు. 150 తీసుకున్నాడు. అంతకు నాలుగింతలు అడిగినా ఇచ్చి ఉండేవాణ్ణి.

లైటు వెలిగింది. మారియో క్యాసెట్ పెడితే పాట వచ్చింది. నెమ్మదైన పాట, మా పాట. కానీ తెర మీద మారియో లేడు, అక్షరాలూ ఇటుకలూ ముక్కలు ముక్కలుగా కలగలిసి ముగ్గు తుడిచేసినట్టుంది. అన్న దాన్ని చూసి సంతోషపడినాడు! ఆయన సంతోషం ఎందుకో నాకు తర్వాత అర్థమయింది. ఈ క్యాసెట్లలో ఆట నడిపే భాగం ఒక చిప్పు, బొమ్మలు దాచుకునే భాగం వేరే చిప్పు, రెండింటికీ పిన్నులు వేరు. పాట సక్రమంగా వస్తోందంటే ఆట నడుస్తోంది, బొమ్మల వైపు పిన్నులు మాత్రం ఆనడం లేదు. అంటే చిప్పులు బాగున్నాయి, మురికే అడ్డం.

చిన్నప్పుడు క్యాసెట్ పలకకపోతే నోటితో ఉఫ్ అని ఊదేవాళ్ళం. దేశమంతా, ప్రపంచమంతా ఊదింది. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడం. పిన్నులు కొత్త చోట రాసుకుని ఆనుకునేవి. ఊదినప్పుడు పోయే తడి మాత్రం రాగిని పాడుచేసింది. నేను చేసిన ఆ పాపం క్యాసెట్ అంచు మీద ఆకుపచ్చని చుక్కలుగా కనిపించింది.

ఇంటికి తెచ్చి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో పుల్ల నల్లగా వచ్చింది. ఆకుపచ్చ చుక్కలున్న చోట పెన్సిల్ రబ్బరుతో, ఒకే దిక్కుకు, మెల్లగా రుద్దినాను. నాన్న రాసిన ప్లాస్టరుకు ఒక్క చుక్క ఆల్కహాల్ తగిలినా ఇంకు చెదిరిపోతుందని దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి పట్టుకున్నాను. బాక్సు వైపు సాకెట్ ఇంకా కష్టం. 60 పిన్నులు, వరుసకు 30. ఏళ్ళ తరబడి క్యాసెట్లు దిగి ఎక్కి అవి వెనక్కి వంగిపోయినాయి. కొత్త సాకెట్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండు గంటలు తిరిగినా దొరకలేదు. చివరికి అమ్మ రవికెలు కుట్టే సూదితోనే ఒక్కో పిన్నునూ వెంట్రుక వాసంత ముందుకు లాగినాను. ఎక్కువ లాగితే విరిగిపోతుంది. మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి తెర మీద నీలం ఆకాశం వచ్చింది, కింద గోధుమరంగు నేల, దాని మీద వాడు.

సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో ఒక్కటే అంతకంటే పెద్దది. ఆ చోటు చాలక ఆకాశంలో మేఘానికీ, నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడినారు, రంగు మాత్రం మార్చి. చిన్నప్పుడు వెయ్యి సార్లు చూసి కూడా మేము పట్టుకోలేదు. నింటెండోలో మియామోతో, తెజుకా అనేవాళ్ళు చేసిన ఆ మొదటి తెర కంటే మంచి పాఠం నేనెక్కడా చూడలేదు. ఎడమవైపు దారి లేదు కాబట్టి కుడికి పోతావు. ఎదురుగా పుట్టగొడుగులాంటి రాక్షసుడు వస్తాడు. తగిలితే చస్తావు, దూకితే బతుకుతావు. దూకినప్పుడు పైన ప్రశ్న గుర్తు పెట్టె తగిలి నాణెం వస్తుంది. ఒక్క అక్షరం చదవకుండానే ఆట వచ్చేసింది. ఇంగ్లీషు రాని నా ఈడు పిల్లలకు చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో అది నేర్పిందెవరు? ఆటే.

కాంట్రా గురించి నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు. నాకు అందరూ పొగిడే మొదటి అడవి స్టేజీ కంటే మూడోది, జలపాతం స్టేజీ గొప్పది. తెర పైకే పోతుంది, కిందికి రాదు. ముందు ఎక్కినవాడు తొందరపడితే, వెనకున్నవాడు తెర కిందికి జారి చచ్చిపోతాడు. ఇద్దరు ఒకరికోసం ఒకరు ఆగాలి అని ఆ ఆట నేర్పినంత గట్టిగా మాకు ఇంకెవరూ నేర్పలేదు. నేర్చుకునేలోపు నేనూ అక్కా ఎన్నిసార్లు కొట్టుకున్నామో అమ్మకు తెలుసు. పైన పైన కింద కింద, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ నొక్కితే 30 లైఫులు వచ్చే చిట్కాను కజుహిసా హషిమోతో అనే ఆయన మొదట గ్రేడియస్ ఆట కోసం పెట్టినాడట, తను పరీక్షించుకోవడానికి అది మరీ కష్టంగా ఉందని. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయినారని చదివినప్పుడు ఆ రాత్రి కాంట్రా పెట్టుకుని ఆడినాను.

'9999 ఇన్ 1' అని రాసి అమ్మిన క్యాసెట్లను మాత్రం నేను క్షమించలేను. పది ఇరవై ఆటలనే స్టేజీలు మార్చి, పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ చూపించేవాళ్ళు. సెలవుల్లో ఒక్కో నంబరూ నొక్కుతూ కొత్త ఆట వస్తుందేమోనని చూసిన పిల్లల ఆశ ఎంతో వాళ్ళకు తెలియదు.

బాతుల తుపాకీ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మా ఎల్‌ఈడీ టీవీ మీద ఒక్క బాతూ పడలేదు. తుపాకీ చెడిపోయిందనుకున్నాను. ఆ తుపాకీ నిజానికి ఏమీ పేల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే తెరంతా ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి పెట్టె వెలుగుతుంది. గొట్టం లోపలి కన్నుకు ఆ వెలుగు ఆ క్షణంలోనే కనిపించాలి. కొత్త టీవీలు బొమ్మను కాస్త ఆపి చూపిస్తాయి, అప్పటికి సమయం దాటిపోతుంది. అంటే పాత డబ్బా టీవీ లేకుండా ఈ పని పూర్తి కాదు.

డబ్బా టీవీ పలమనేరులో చిన్నత్త ఇంట్లో దొరికింది. 21 అంగుళాలది, పూల గుడ్డ కప్పి, దాని మీద వెంకటేశ్వరస్వామి పటం పెట్టి ఉంది. అత్త పటాన్ని తీసి కళ్ళకద్దుకుని, "పో, తీసుకుపో, నాకు చోటన్నా మిగులుతుంది" అనింది. దుప్పటి చుట్టి కారు వెనక సీట్లో తిరుపతికి తెచ్చినాను. స్విచ్ వేసి చెయ్యి తెర దగ్గరికి తీసుకుపోతే చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడినాయి. యాంటెన్నా వైరు గుచ్చి, చానెల్ వెతుకుతూ పోతే, చీమల వాన మధ్యలో నుంచి ఆట మెల్లగా తేలి వచ్చింది. తుపాకీ పేల్చినాను. బాతు పడింది.

బాక్సు పసుపు రంగు సంగతి తొందరగా చెప్పేస్తాను. బ్యూటీ పార్లర్ల వాళ్ళు జుట్టుకు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీము, ఆ పసుపు పోవాలని పూసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, మే నెల ఎండలో మిద్దె మీద పెట్టినాను, గంటకోసారి తిప్పుతూ. ఒక మూల చారలు పడినాయి. అలాగే ఉంచేసినాను.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు అక్కావాళ్ళు మళ్ళీ వచ్చినారు. నేనేమీ చెప్పలేదు. జాతర చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని హాల్లోకి రాగానే అక్క డబ్బా టీవీని చూసి ఆగిపోయింది. కింద చాప మీద క్యాసెట్లు పెట్టి ఉన్నాయి. వంగి ఒకటి తీసుకుని, ప్లాస్టరు మీద 'ట్యాంకులు' అన్న నాన్న రాతను బొటనవేలితో తడిమింది. ఏమీ మాట్లాడలేదు.

ట్యాంకులంటే బ్యాటిల్ సిటీ అనే ఆట, 1985లో నామ్‌కో వాళ్ళు చేసింది. 35 స్టేజీలు, స్టేజీకి 20 శత్రువుల ట్యాంకులు, కింద మధ్యలో ఇటుక గోడల నడుమ మనం కాపాడాల్సిన గద్ద బొమ్మ. గద్ద పోతే ఎన్ని లైఫులున్నా ఆట అయిపోయినట్టే. ఇద్దరు కలిసి ఆడే ఆటల్లో దీన్ని మించింది నాకు ఇప్పటికీ దొరకలేదు. ఎందుకంటే ఒకరు పోరాడాలి, ఒకరు ఇల్లు చూసుకోవాలి, ఆ పంపకం ఆట చెప్పదు, ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. చిన్నప్పుడు మేము తేల్చుకున్నది ఒకటే. పసుపు ట్యాంకు నాది, పైకి పోతాను. ఆకుపచ్చది అక్కది, గద్దను కాస్తుంది.

మేనల్లుడు రెండో రిమోట్ అందుకోబోతే అక్క వాడి చేతిలోంచి తీసుకుంది. చాప మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. స్టేజీ మొదలైంది. నేను పైకి పోయినాను. మూడో ట్యాంకును కొట్టి కిందికి చూస్తే ఆకుపచ్చ ట్యాంకు గద్ద పక్కన, పైకి గురిపెట్టి నిలబడి ఉంది.

"ఎడమ పక్క ఇటుక పోయింది, నేను చూసుకుంటాలే, నువ్వు పో" అనింది అక్క, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.