"ఇంకొక్కటి చెయ్యవా" అన్నప్పుడే ఆపెయ్యడం: ఎనిమిదో నెల లాగ్

పేకముక్కలతో మ్యాజిక్ నేర్చుకోవడం మొదలుపెట్టి ఇది ఎనిమిదో నెల, ఈ నెల కొత్త ట్రిక్ ఒక్కటి కూడా నేర్చుకోలేదు. నెలంతా ఒకే పని మీద ఉన్నా, ఎక్కడ ఆపాలి అన్నదాని మీద.

పోయిన నెల ఫ్రెండ్ వాళ్ళింట్లో నలుగురు కూర్చుని ఉంటే డెక్ తీశా. సంతకం పెట్టిన ముక్కని మధ్యలో దూర్చినా మళ్ళీ పైకి వచ్చేస్తుంది చూడండీ, యాంబిషస్ కార్డ్, అది చేశా. మూడోసారి పైకి వచ్చేసరికి వాడి వదిన కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. సరిగ్గా అక్కడ ఆపేయాల్సింది. "ఇంకోటి, ఇంకోటి" అన్నారని నేను చేసుకుంటూ పోయా, మొత్తం ఏడు ట్రిక్కులు, దాదాపు 25 నిమిషాలు. ఐదోదానికి ఒకతను ఫోన్ తీశాడు. ఆరోది 21 ముక్కల ట్రిక్, మూడు వరసలుగా మూడుసార్లు పంచాలి, అంటే 63 సార్లు ముక్క వెయ్యాలి, ఆఖర్న వాళ్ళు అనుకున్నది పదకొండో స్థానంలోకి వస్తుంది, లెక్క తప్పదు కానీ నేను పంచుతున్నంతసేపు ఒక్కళ్ళు కూడా నా చేతుల వైపు చూడలేదు. ఎలాగైనా మళ్ళీ ఊపు తేవాలని ఏడోది మొదలుపెట్టా, డబుల్ లిఫ్ట్‌లో (రెండు ముక్కల్ని ఒక్కటే అన్నట్టు కలిపి ఎత్తడం) వాటి కింద చిటికెన వేలితో పట్టుకున్న సందు జారి రెండు ముక్కలూ విడిపోయి కనిపించేశాయి. "అదిగో రెండున్నాయి!" అన్నారు, అయిపోయింది. తర్వాత కలిసినప్పుడు వాళ్ళకి గుర్తున్నది ఆ రెండు ముక్కలే. ఆవిడ లేచి నిలబడ్డ ఆ క్షణం ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప. చాలా బాధేసింది, ఎందుకంటే ఆ యాంబిషస్ కార్డ్ కోసం నాలుగు నెలలు అద్దం ముందు కూర్చున్నా.

అప్పట్నించీ చిన్న నోట్‌బుక్‌లో రాస్తున్నా. ఎంతమంది, ఏ ట్రిక్ తర్వాత ఏది, ఎన్ని నిమిషాలు, మొదటి ఫోన్ ఎప్పుడు బయటికొచ్చింది, ఆపింది నేనా వాళ్ళా. పన్నెండు సార్లు రాశాక వెనక్కి తిప్పి చూస్తే, నా వరకు, మూడో ట్రిక్ దాటాక ఒక్కసారి కూడా ముందుకంటే బాగా రాలేదు.

ఇంకోటి తెలిసింది, "ఇంకోటి చెయ్యి" అన్న మాటలో రకాలున్నాయి. ముందుకి వంగి, చేతులు టేబుల్ మీద పెట్టి అడిగితే నిజంగా కావాలని. వెనక్కి ఆనుకుని నవ్వుతూ అంటే మనసు నొప్పించడం ఇష్టంలేక అంటున్నారని. "అదే మళ్ళీ చెయ్యి" అంటే మాత్రం పట్టుకోవడానికి. అది తప్పు కాదు, మనిషికి సహజం, కానీ ఏం జరగబోతోందో తెలిసిపోయాక ఎక్కడ చూడాలో కూడా తెలిసిపోతుంది. ఫ్రెంచ్ డ్రాప్‌తో, అంటే కాయిన్‌ని ఇంకో చేతిలోకి తీసుకున్నట్టు నటించి ఉన్న చేతిలోనే ఉంచేసి, మాయం చేస్తే మొదటిసారి అందరి కళ్ళూ మూసిన చేతి మీదే ఉంటాయి, రెండోసారి తిన్నగా రెండో చేతి మీదకి వెళ్తాయి, ఇంక చేసేదేం లేదు. మళ్ళీ మళ్ళీ చేసినా తట్టుకునేవి వేరే ఉన్నాయి. 1922లో షికాగోలో డై వెర్నన్ అనే మెజీషియన్ ఇదే పైకొచ్చే ముక్కని పేరుమోసిన మెజీషియన్ హుడినీకి చూపించాడు, మూడుసార్లు చూస్తే ఏ ట్రిక్ అయినా చెప్పేస్తానని హుడినీ అనేవాడట, ఎన్నిసార్లు చూసినా దీన్ని మాత్రం పట్టుకోలేకపోయాడు. ఆ ట్రిక్‌లో అసలు మజానే మళ్ళీ మళ్ళీ జరగడం. అది చూసి మిగతావన్నీ రిపీట్ చెయ్యొచ్చు అనుకోవడమే నేను చేసిన పొరపాటు.

ఇప్పుడు సెట్ మూడే ట్రిక్కులు, ఆరేడు నిమిషాలు. డెక్ బయటికి తీసేముందే ఆఖరిది ఏదో డిసైడ్ అయి ఉంటా.

మొదటిది నిమిషంలోపు అయిపోయే రంగు మార్పు (చూస్తుండగానే ఒక ముక్క ఇంకో ముక్కగా మారడం), అది వాళ్ళకి నచ్చుతుందా లేదా అని చూసుకోడానికే. రెండోది యాంబిషస్ కార్డ్, మూడుసార్లే, నాలుగోది లేదు. మూడోది, అదే సంతకం ముక్క వాళ్ళ అరచేతుల మధ్యలోకి రావడం: ఏదో వేరే ముక్క పట్టుకున్నాం అనుకుంటారు, తిప్పి చూస్తే వాళ్ళ సంతకం. పర్మనెంట్ మార్కర్ వాడండి, సంతకం పెట్టాక పది సెకన్లు గాలికి ఆరనివ్వండి, లేకపోతే ప్లాస్టిక్ కోటింగ్ మీద ఇంకు పక్క ముక్కకి అంటుకుంటుంది, నాకు రెండు డెక్‌లు అలా పాడయ్యాయి.

తిప్పి చూసుకున్నాక "అది మీ దగ్గరే ఉంచుకోండి" అంటా. ఈ ఒక్క మాటే నాకు బాగా పనికొచ్చింది. డెక్‌లో ఇంక 51 ముక్కలే ఉంటాయి, "ఒకటి మీకిచ్చేశాగా, ఇవాల్టికి ఇంతే" అని పెట్టెలో పెట్టేస్తా, వాళ్ళకి కూడా అది నిజంగా ముగింపులా అనిపిస్తుంది. పెట్టె టేబుల్ మీద కాదు, బ్యాగ్‌లోకి వెళ్ళాలి. టేబుల్ మీద ఉంటే ఎవరో ఒకరు తీసి లెక్కపెడతారు, లేదా నా చేతులే ఊరుకోక కలపడం మొదలెడతాయి, అలా కలుపుతూ కూర్చుంటే "అడగండి, చేస్తా" అని చెప్తున్నట్టే. పెట్టేశాక వెంటనే వాళ్ళ గురించి ఏదైనా అడుగుతా, మాట అటు మళ్ళుతుంది.

మధ్యలో ఆపాల్సి వస్తే? ఈ నెల ఒకసారి వచ్చింది, రెండోది మొదలెట్టగానే ఒకావిడకి ఇంటి నుంచి ఫోన్, మొహం మారిపోయింది. యాంబిషస్ కార్డ్‌ని ఏ రౌండ్ దగ్గరైనా వదిలేయొచ్చు కాబట్టి అక్కడికక్కడే ఆపేశా. ముక్క ఎన్నుకోమనే ట్రిక్కుల్లో అలా కుదరదు, వాళ్ళ ముక్క డెక్‌లో ఉండిపోతే ఏదో బాకీ ఉన్నట్టే ఉంటుంది. అందుకే అలాంటివాటిలో డెక్‌లో అన్నిటికంటే అడుగున ఉన్న ముక్క ఏంటో ముందే చూసి గుర్తుపెట్టుకుంటున్నా. ఎన్నుకున్న ముక్కని పైన పెట్టించి ఒక్కసారి కట్ చేస్తే గుర్తుపెట్టుకున్నది వాళ్ళ ముక్క మీదకి వస్తుంది, అవసరమైతే డెక్ పరిచి పది సెకన్లలో తీసి ఇచ్చేసి ముగించొచ్చు.

పిల్లలుంటే మాత్రం కొంచెం సడలిస్తా. అరగంట పోయాక రబ్బర్ బ్యాండ్ రెండు వేళ్ళ మీద నుంచి పక్క రెండు వేళ్ళ మీదకి దూకేది ఒక్కటి చేస్తా, అది డెక్ అక్కర్లేని పని.

ఈ మూడు ట్రిక్కుల సెట్‌ని ఈ నెల నాలుగుసార్లు చేశా. రెండుసార్లు నాలుగోది అడిగారు, చెయ్యలేదు. వద్దని చెప్పడం ఇంకా కష్టంగానే ఉంది, లోపల చెయ్యాలనే ఉంటుంది. కానీ ఆ రెండింట్లో ఒకావిడ వారం తర్వాత కలిసినప్పుడు ఫోన్ కవర్ వెనక నుంచి సంతకం పెట్టిన ఆటీన్ ఏడు తీసి చూపించింది, ఇంకా దాచుకుంది.

ఇంట్లోవాళ్ళతోనే తేలలేదు. అన్నయ్య ఇప్పటికి వందసార్లు చూసి ఉంటాడు, పాపం. ఇకనుంచి వాడిని అడిగి, "ప్రాక్టీస్, ఒక్కటే" అని చెప్పి, వారానికి ఒకసారి మాత్రమే చూపించాలని అనుకున్నాం ఇద్దరం. వచ్చే నెల మూడో ట్రిక్ యాంగిల్ సరిచేయాలి, నా ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళకి ముక్క మారడం కొంచెం కనిపిస్తోందని వాడే చెప్పాడు.