సిలిండర్ పవర్‌కు టోరిక్ లెన్సులు: కోరింగ పక్షుల కోసం అలవాటు చేసుకుంటున్న క్రమం

కోరింగ మడ అడవుల్లో పక్షులను చూసే నాకు కళ్ళజోడుతో ఇబ్బంది బైనాక్యులర్స్ దగ్గర వస్తుంది. జోడు తీసి చూస్తే, బైనాక్యులర్స్ చక్రం తిప్పి మైనస్ పవర్ లోటును సరిదిద్దుకోవచ్చు గాని, సిలిండర్ లోపాన్ని, అంటే కంటి ముందు పొర వంపు సమానంగా లేక వచ్చే మసకను, ఆ చక్రం సరిచేయలేదు. జోడు పెట్టుకొని చూస్తే కనిపించే వృత్తం చిన్నదవుతుంది, ఉక్కపోతకు అద్దాల మీద ఆవిరి పడుతుంది. అందువల్ల దాళ్వా కోతలకు ముందు కాకినాడలో కంటి పరీక్ష చేయించుకొని నెలవారీ టోరిక్ లెన్సులు, అంటే సిలిండర్ లోపాన్ని సరిచేసే కాంటాక్ట్ లెన్సులు, తీసుకున్నాను. కుడి కంటికి −2.00, సిలిండర్ −0.75, ఎడమ కంటికి −2.25, సిలిండర్ −1.25, యాక్సిస్ (సిలిండర్ దిద్దుబాటు నిలవాల్సిన కోణం) 20 డిగ్రీలు.

సిలిండర్ ఉన్న కంటిలో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు అన్ని దిశల్లోనూ సమానంగా ఉండదు కాబట్టి, దాన్ని సరిచేసే లెన్సు కూడా ఒక నిర్ణీత కోణంలోనే కంటి మీద నిలవాలి. మామూలు లెన్సు ఎటు తిరిగినా చూపు మారదు. టోరిక్ లెన్సు 10 డిగ్రీలు పక్కకు తిరిగితే సిలిండర్ లోపంలో సుమారు మూడో వంతు మిగిలిపోతుంది, 30 డిగ్రీలు తిరిగితే ఆ దిద్దుబాటు వల్ల ప్రయోజనమే ఉండదు. అలా తిరగకుండా చాలా లెన్సుల్లో కింది భాగాన్ని కాస్త మందంగా చేస్తారు. రెప్పలు వాలి లేచినప్పుడల్లా ఆ మందం లెన్సును తన స్థానానికి నెడుతుంది. అంచు దగ్గర ఉండే సన్నని గుర్తును బట్టి లెన్సు ఎంత తిరిగిందో కంటి పరీక్షకులు కొలుస్తారు.

తొలి వారం పెట్టడం, తీయడం మీదనే గడిచింది. రోజుకు నాలుగు గంటలతో మొదలుపెట్టి క్రమంగా పెంచమన్నారు, అలాగే చేశాను. వేలి కొన మీద లెన్సు అంచులు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు ఉన్నట్టు, బయటికి విచ్చుకొని ఉంటే తిరగబడినట్టు. చేతులకు కొబ్బరినూనె గాని, ఆవకాయ కారం గాని ఏ కొంచెం మిగిలినా కంటికి తెలుస్తుంది కనుక, తలకు నూనె రాయడం, భోజనం వంటివన్నీ లెన్సుల పని తరువాతకు మార్చుకున్నాను. కళ్ళజోడు తీసేసిన కొద్దిరోజులు నేల ఒకవైపు వాలినట్టు అనిపించింది. సిలిండర్ అద్దాలు వస్తువులను ఒక దిశలో కొంచెం సాగదీసి చూపుతాయి, మెదడు దానికి అలవాటు పడి ఉంటుంది. ఆ వాలు తానే సర్దుకుంది.

నా దృష్టిలో ఈ క్రమమంతటిలోకీ ముఖ్యమైనది, మసక ఏ రకానిదో గుర్తించడం నేర్చుకోవడమే. రెప్ప వేయగానే తేటపడి, కొన్ని క్షణాల్లో మళ్ళీ మసకబారితే అది కన్నీటి పొర ఆరిపోవడం వల్ల. లెన్సులకు పనికివచ్చే చుక్కల మందు వేస్తే తగ్గుతుంది. ప్రతి వస్తువు పక్కనా ఏటవాలుగా నీడ కనిపించి, రెప్ప వేసిన ప్రతిసారీ ఆ నీడ కదిలితే లెన్సు తిరుగుతున్నట్టు. రోజంతా ఒకే తీరుగా ఉండి, రెప్పలార్పినా కదలకపోతే పవర్‌నో యాక్సిస్‌నో మార్చాలి. ఈ తేడాలు చెప్పగలిగితేనే పరీక్షకులకు మన ఇబ్బంది సరిగా అర్థమవుతుంది.

లెన్సులతో చూపు ఎలా ఉందో తేల్చుకోవడానికి నేను ఎంచుకున్నది చిన్న తెల్లకొంగ. దాని కాళ్ళు నల్లగా సన్నగా ఉంటాయి, వేళ్ళు మాత్రం పసుపు. ఎడమ కంటితో చూసినప్పుడు ఆ కాలి పక్కన మరో పలుచని కాలు స్థిరంగా కనిపించేది, పసుపు వేళ్ళు బురదలో కలిసిపోయేవి. మళ్ళీ కంటి పరీక్షకు వెళితే తేలిందేమిటంటే, లెన్సు గుర్తు పరీక్షకులకు కుడివైపు 10 డిగ్రీలు తిరిగి అక్కడే నిలకడగా ఉంటోంది. గుర్తు వారి ఎడమకు తిరిగితే ఆ డిగ్రీలను యాక్సిస్‌కు కలుపుతారు, కుడికి తిరిగితే తీసివేస్తారు. అందువల్ల యాక్సిస్ 20 ఉన్న కంటికి 10 ఉన్న లెన్సు ఇచ్చారు. అది కంటి మీద తిరిగి నిలిచేసరికి సరిగ్గా 20 దగ్గరకు వస్తుంది. దానితో రెండో కాలు మాయమైంది, వేళ్ళ పసుపు స్పష్టంగా తెలిసింది. ఆ ఉదయం పొందిన సంతోషం నాకు చాలా విలువైనది.

చెట్టుకొమ్మల్లోకి తల పక్కకు వంచి ఎక్కువసేపు చూస్తే ఇప్పటికీ కొద్దిగా నీడ వస్తుంది. తల నిటారుగా పెట్టి రెండు మూడుసార్లు రెప్పలార్పితే పోతుంది. కాలువ గట్టు మీద బండిపై వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా నూర్పిళ్ళ రోజుల్లో, పవర్ లేని అద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి. పంటు మీద గోదావరి దాటేటప్పుడు వీచే గాలికి కూడా కళ్ళు త్వరగా ఆరిపోతాయి.

నీటి విషయంలో మాత్రం ఏ మినహాయింపూ పెట్టుకోలేదు. కుళాయి నీరైనా, బోరు నీరైనా, మంచినీటి చెరువుదైనా, కాచి చల్లార్చినదైనా లెన్సులకు గాని డబ్బాకు గాని తగలనివ్వను. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాకు సోకితే చూపుకే ప్రమాదం. కాలువలో స్నానానికి దిగేముందు లెన్సులు తీసేస్తాను, వాటితో నిద్రపోను. తీసిన తరువాత అరచేతిలో ద్రావణంతో రుద్ది, కడిగి, డబ్బాలో పాతది పారబోసి కొత్త ద్రావణం పోస్తాను. డబ్బాను మూడు నెలలకు ఒకసారి మారుస్తాను. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే తీసి డాక్టరుకు చూపించాలి కాబట్టి, పడవ ఎక్కేటప్పుడు కూడా పాత కళ్ళజోడు సంచిలో ఉంటుంది.

ప్రస్తుతం పగలంతా సౌకర్యంగా పెట్టుకోగలుగుతున్నాను. శీతాకాలంలో వలస ఉల్లంకి పిట్టలు బురద మేటల మీదికి దిగినప్పుడు, దూరం నుంచి వాటి కాళ్ళ రంగులు తేల్చుకోగలనా అన్నది తరువాత చూడవలసిన పరీక్ష.