మేరు కొండ కింద పోలండ్ సమాధులు

టాంజానియాలో కిలిమంజారో విమానాశ్రయం నుంచి అరూషాకి వెళ్లే దారిలో, ఊరు ఇంకా 12, 13 కిలోమీటర్లు ఉందనగా టెంగెరూ వస్తుంది. సెరెంగెటి సింహాల కోసం పరుగెత్తేవాళ్లు అక్కడ ఆగరు. దారెస్సలాంలో నాతో పనిచేసే పోలండ్ ఆవిడ ఒకరు, వాళ్ల అమ్మమ్మ చిన్నతనం ఆ ఊళ్లోనే గడిచిందని చెప్పారు. అప్పటినుంచీ చూడాలని మనసులో ఉంది. అరూషాలో మందుల వ్యాపారం చేసే మా బావ కారు తీశాడు.

మేము వెళ్లింది శనివారం, సంత రోజు. రోడ్డు పొడుగునా అరటి గెలలు, టమాటా బుట్టలు, బేరాలు. సంత దాటి లోపలికి తిరిగితే చెట్ల మీదుగా మేరు కొండ కనబడుతుంది. ఒకప్పుడు పోలండ్ శరణార్థుల శిబిరం ఉన్న స్థలంలో ఇప్పుడు పశుపోషణ శిక్షణ సంస్థ నడుస్తోంది. గేటు దగ్గర పేర్లు రాసి లోపలికి నడిచాం.

"ఎన్నేళ్లుగానో ఈ దారినే తిరుగుతున్నాను, ఇక్కడ ఇదొకటుందని తెలియదురా. పోలండ్ వాళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారు?" అన్నాడు బావ.

నడుస్తూనే చెప్పుకొచ్చాను. 1939 సెప్టెంబరులో పోలండ్‌ మీద పడమటి నుంచి జర్మనీ, తూర్పు నుంచి సోవియట్ యూనియన్ పడ్డాయి. 1940 ఫిబ్రవరి నుంచి తూర్పు జిల్లాల కుటుంబాలను సోవియట్ పోలీసులు అర్ధరాత్రి లేపి, గూడ్సు పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకి, కజకిస్తాన్‌కి తోలారు. 1941లో హిట్లర్ సోవియట్ దేశం మీదికే వెళ్లాకగానీ వాళ్లకి విడుదల దొరకలేదు. మరుసటి ఏడు పోలండ్ జనరల్ ఆండర్స్ సైన్యం, దాని వెంట వచ్చిన కుటుంబాలు కలిపి లక్షమందికి పైగా ఇరాన్ చేరారు. చాలామంది కాస్పియన్ సముద్రం దాటి వచ్చినవాళ్లే. ఆకలితో, టైఫస్ జ్వరంతో చిక్కిపోయి దిగారు. సైనికులు యుద్ధానికి వెళ్లారు. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను బ్రిటిష్‌వాళ్లు తమ ఏలుబడిలోని దేశాలకి పంచారు. కొందరు మన దేశానికీ వచ్చారు. జామ్‌నగర్ రాజు బాలాచడిలో పిల్లలకి నీడనిచ్చాడు, కొల్హాపూర్ పక్కన వలివడేలో దాదాపు 5 వేలమంది ఉన్నారు. సుమారు 18 వేలమంది ఆఫ్రికా చేరారు. ఆఫ్రికాలోని ఆ శిబిరాల్లో అన్నిటికంటే పెద్దది ఈ టెంగెరూ. ఇక్కడా ఐదువేలమంది దాకా ఉండేవారు. సున్నం కొట్టిన గుండ్రటి గుడిసెలు, బడులు, చర్చి, ఆసుపత్రి, పొలాలు, అన్నీ కలిపి ఒక పోలండ్ పల్లె. 1950ల మొదట్లో మూతపడింది.

శ్మశానానికి ప్రహరీ ఉంది, గేటుకి తాళం. కాపలా చూసే పెద్దాయన వచ్చి తీశాడు. అక్కడ పెద్దవాళ్లని పిలిచినట్టే బావ ఆయన్ని "మ్జే" అని పలకరించి, స్వాహిలీలో మాటలు కలిపాడు. లోపల సుమారు 150 సమాధులు, వరసగా. ఎక్కువ కాథలిక్కులవి. ఆర్థడాక్స్ క్రైస్తవులవీ, యూదులవీ కూడా ఉన్నాయి.

నేను పేరు పేరునా చదువుతూ నడిచాను. పుట్టిన ఏడాదికి, పోయిన ఏడాదికి మధ్య తేడా చూస్తుంటే గుండె బరువెక్కింది. సైబీరియా చలికి బతికి బట్టకట్టి, ఇక్కడ మలేరియాకి లొంగిపోయిన మనుషులు. ఇంటికి వెళ్తామనే ఆశతోనే కళ్లు మూసి ఉంటారు. 1945 తర్వాత ఆ ఇళ్లున్న ఊళ్లే పోలండ్‌లో లేకుండా పోయాయి. అవి ఇప్పుడు ఉక్రెయిన్, బెలారస్, లిథువేనియా.

మా ఫిరంగిపురంలో నవంబరు 2న సమాధుల పండుగ చేస్తాం. వారం ముందే గడ్డి పీకి, సున్నం వేసి, పేర్లకి రంగు దిద్ది, ఆ సాయంత్రం పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. పోలండ్‌లోనూ నవంబరు 1, 2 తేదీల్లో శ్మశానాలు దీపాలతో నిండిపోతాయి. మరి టెంగెరూలో పడుకున్నవాళ్లకి ఎవరు చేస్తారు? బతికినవాళ్లు బ్రిటన్‌కో, కెనడాకో, ఆస్ట్రేలియాకో తరలిపోయారు. 1949లో ఇక్కడి అనాథ పిల్లల్ని వందమందికి పైగా ఇటలీ మీదుగా కెనడా పంపారు. కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న పోలండ్‌కి సోవియట్ తరలింపుల మాట ఎత్తడమే ఇష్టం లేదు. ఎత్తితే ఈ సమాధులు ఎందుకున్నాయో చెప్పాల్సి వచ్చేది. 1989 తర్వాతే ఆ దేశం తనవాళ్ల సమాధుల్ని వెతుక్కుంటూ బయటి దేశాలకి రాగలిగింది.

అన్నేళ్లు వీటిని ఎవరూ దున్నేయలేదు, రాళ్లు పీక్కుపోలేదు. నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. శ్మశానాన్ని ఖాళీ జాగాగా లెక్కేసి ప్లాట్లు కొట్టే రోజులు మనవి. ఇక్కడివాళ్లు మాత్రం భాష తెలియని, బంధుత్వం లేని మనుషుల చోటు వదిలిపెట్టారు. పరాయి ప్రభుత్వం డబ్బు పంపితే గోడ లేస్తుంది, రాయి మారుతుంది. కానీ రోజూ ఊడ్చేది, తాళం చెవి దాచేది ఊరి మనిషే. ఆయన్ని గౌరవంగా చూసుకోకపోతే ఏ నిధులూ ఈ చోటుని నిలబెట్టలేవు.

పెద్దాయన పని గురించి చెబుతుంటే బావ తెలుగు చేశాడు. మార్చి నుంచి మే దాకా వానలు. ఎర్రమట్టి చింది రాళ్లకి పడుతుంది, నాచు కడుతుంది. వేర్లు కిందినుంచి సిమెంటుని పగలగొడతాయి. ఆయన మెత్తని బ్రష్షు, నీళ్లు తప్ప ఇంకేమీ వాడడట. యాసిడ్ పోస్తే రాయి తెల్లబడుతుంది గానీ అక్షరం తినేస్తుంది. రంగు దిద్దేటప్పుడు ఇంకో చిక్కు. పోలిష్ అక్షరాలకి చిన్న గీతలు, తోకలు ఉంటాయి. మనకి ఒత్తు జారిపోయినట్టు, అందులో ఒకటి చెరిగితే పేరే వేరైపోతుంది.

అందుకే అక్షరాలు చెరిగిపోకముందే ప్రతి రాయికీ ఫొటో ఉండాలనుకున్నాను. పెద్దాయన్ని అడిగితే సంతోషంగా బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. రాతి మీద కాస్త చల్లితే మసకబారిన అక్షరాలు తేలి కనబడతాయి. బావ కండువా అడ్డం పట్టి ఎండ పక్కనుంచి పడేలా చూశాడు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఏ వరసలో ఎన్నో రాయో రాసుకుంటూ తీశాను. ఫొటోలన్నీ దారెస్సలాం ఆవిడకి పంపుతాను, పేర్లు సరిచూసి పెడతానన్నారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంకా రెండు వరసలు మిగిలాయి.

"నువ్వెళ్లరా, ఎటూ నేనిక్కడే ఉంటాగా. ఆ రెండూ వచ్చే శనివారం నేను తీసి పంపిస్తాలే" అన్నాడు బావ.