నా సంతకం చెల్లని తొమ్మిది నెలలు

డెలివరీకి రెండు నెలల ముందు, ఆన్‌లైన్‌లో ముందుగానే పేరు నమోదు చేసుకోమని ఆసుపత్రి వాళ్ళు లింకు పంపారు. ఇన్సూరెన్స్ నంబరు, ఎలర్జీలు, పిల్లల డాక్టరు పేరు అన్నీ నింపుకుంటూ వస్తే చివర్లో ఒక ప్రశ్న: "మీకు అడ్వాన్స్ డైరెక్టివ్ ఉందా?" అంటే, నేను మాట్లాడలేని స్థితిలో పడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టిన కాగితం. అమెరికాలో దాదాపు ఏ ఆసుపత్రిలో చేరినా ఈ ప్రశ్న అడుగుతారు, 1990 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అడిగి తీరాలి. నేను "లేదు" అని నొక్కి ముందుకు వెళ్ళిపోయాను.

రాత్రి నిద్ర పట్టలేదు. మా బాబాయి గుంటూరులో 22 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. తీసెయ్యమని చెప్పే ధైర్యం పిన్నికి లేదు, ఉంచమందామంటే డబ్బూ లేదు. "ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదే" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ బరువు మా ఆయన మీద పడకూడదనుకున్నాను. పొద్దున్నే, మేముండే టెక్సస్ రాష్ట్ర ప్రభుత్వ ఫారం ప్రింట్ తీశాను.

ఫారం చాలా తేలిగ్గా ఉంది. నయంకాని జబ్బుతో ఆరు నెలల్లో పోతానని డాక్టరు తేలిస్తే నొప్పి తెలియకుండా చూసి వదిలేయాలా, యంత్రాలతో బతికించాలా? కోలుకోలేని స్థితిలో పడితే ఏం చేయాలి? ఒక్కోదాని పక్కన టిక్కు పెడుతూ, ఏదో పెద్దపని చేస్తున్నట్టు ఫీలయ్యాను. చివరి పేజీలో సంతకం చోటుకి కాస్త పైన, ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నాకు గర్భం ఉన్నట్టు నిర్ధారణ అయితే టెక్సస్ చట్టం ప్రకారం ఈ కాగితానికి ఎలాంటి ప్రభావమూ ఉండదని నాకు తెలుసు, అని నాచేతే ఒప్పించుకునే వాక్యం అది.

నాకప్పుడు 31వ వారం. నేను టిక్కు పెట్టిన ప్రతి గడీ ఆ క్షణానికి ఉత్తిదే.

గర్భిణికి ప్రాణాధార చికిత్స ఆపకూడదు, మొదలుపెట్టకుండానూ ఉండకూడదు అన్నది చట్టంలో ఉన్న మాట. ఎన్నో వారం అన్న లెక్క అందులో లేదు. ఆరో వారమైనా, ముప్ఫై ఆరో వారమైనా ఒకటే. ఇది కాగితం మీది ముచ్చట కాదని మార్లీస్ మున్యోజ్ కేసు చదివితే అర్థమైంది. ఆవిడ ఉన్న ఫోర్ట్ వర్త్, మేముండే ఇర్వింగ్ నుంచి కారులో ముప్పావుగంట. భార్యాభర్తలిద్దరూ పారామెడిక్‌లే, అందుకే యంత్రాల మీద బతకడం వద్దని ఎప్పుడో మాట్లాడుకున్నారు. 2013 నవంబరులో 14 వారాల గర్భంతో ఆవిడ ఇంట్లో కుప్పకూలింది. మెదడు చనిపోయింది. అయినా ఆసుపత్రి ఈ చట్టాన్నే చూపించి యంత్రాలు తీయలేదు. భర్త కోర్టుకెళ్ళాడు. చనిపోయిన మనిషి 'పేషెంట్' కాదు, కాబట్టి ఆ చట్టం ఆవిడకు వర్తించదు అని 2014 జనవరి 24న జడ్జి తీర్పు ఇచ్చారు. రెండు రోజులకు యంత్రాలు తీశారు. దాదాపు రెండు నెలలు.

మా ఆయనకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిజం చెప్పనా? నేనైతే బిడ్డను బతికించమనే అంటానేమో" అన్నాడు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఈ నెలలో అయితే నేనూ అదే అంటాను. కానీ నాలుగో నెలలో అనను. ఆ తేడా చెప్పుకునే హక్కు నాకుండాలి కదా అన్నదే నా గొడవ. ఆ రాత్రి ఒంటిగంట దాకా మాట్లాడుకున్నాం. పెళ్ళైన ఐదేళ్ళలో చావు గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మా ఆఫీసులో లాయరు సలహా ఇప్పించే లీగల్ ప్లాన్ ఉంది, జీతంలో నెలకు కొంత కోసుకుంటారు గానీ ఎప్పుడూ వాడుకోలేదు. ఆ లాయరమ్మ ఫోనులో ఓపిగ్గా చెప్పింది. కాగితం సంతకం చేసి పెట్టుకో, డెలివరీ అయ్యాక పనికొస్తుంది. మున్యోజ్ తీర్పు మెదడు చనిపోయిన మనిషి సంగతి, కోమాలో ఉంటే అది అక్కరకు రాదు. పైగా అది కింది కోర్టు తీర్పు, మిగతా కోర్టులు పాటించి తీరాలని లేదు. మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ విడిగా రాయించు, నీ తరపున ఆపరేషన్, రక్తం ఎక్కించడం లాంటివి మీ ఆయన నిర్ణయిస్తాడు. అబార్షన్‌కి మాత్రం అతను ఒప్పుకోడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది. వారాలవారీగా నీ మనసులో ఏముందో ఉత్తరం రాసి జతచెయ్యి, దానికి చట్టబలం లేకపోయినా రేపు ఎవరైనా అడిగితే నీ మాట ఒకటి ఉంటుంది.

న్యూజెర్సీలో ఉన్న మా అక్కకి చెబితే తన ఫారం తీసి చూసింది. అక్కడ, గర్భంతో ఉంటే ఈ కాగితం ఎలా వర్తించాలో ఆ మనిషే రాసుకోవచ్చు. ఒకే దేశం, ఒకే తల్లి పిల్లలం, మూడున్నర గంటల విమానం దూరం.

అమ్మ పురుడు పోయడానికి తెనాలి నుంచి వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద ఆ కాగితాలు చూసి, విషయం చెప్పగానే చెవులు మూసుకుంది. "కడుపుతో ఉండి ఏం మాటలే అవి! శుభమా అని సీమంతం చేసుకుని..." నేను వాదించలేదు. రెండు రోజుల తర్వాత చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తనే మొదలుపెట్టింది. నాకు ఐదేళ్ళప్పుడు, 1996లో, మళ్ళీ నెల తప్పిందట. వద్దనుకుంది. నాన్న రాయపూర్‌లో కాంట్రాక్టు పని మీద ఉన్నారు. భర్త సంతకం లేనిదే చెయ్యనని డాక్టరమ్మ తిప్పి పంపేసింది. నాన్న వచ్చేదాకా 12 రోజులు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, వాంతులు దాచుకుంటూ.

"అమ్మా, 1971 నాటి అబార్షన్ చట్టం ప్రకారమే నీ సంతకం ఒక్కటే చాలు. మేజరైన ఆడమనిషికి భర్త ఒప్పుకోలు అక్కర్లేదు" అన్నాను.

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "మరి ఆ డాక్టరమ్మకి తెలీదా?" అంది.

ఏం చెప్పను.

నోటరీ దగ్గర చేయించకపోతే సాక్షులు ఇద్దరు కావాలి. అందులో ఒకరైనా చుట్టం కాకూడదు, ఆస్తిలో వాటా ఉన్నవాళ్ళు కాకూడదు, నాకు వైద్యం చేసే డాక్టరు కాకూడదు. మా ఆఫీసు స్నేహితురాలు, కింది అపార్ట్‌మెంట్ ఆవిడ వచ్చి సంతకాలు చేశారు. అమ్మ వాళ్ళకి గారెలు వేసి పెట్టింది. ఆ సంతకాలు ఎందుకో తెలిసీ పేరంటానికి వచ్చినట్టే చూసుకుంది. డెలివరీ రోజు నర్సు అన్నీ స్కాన్ చేసి, కంప్యూటర్‌లో "డైరెక్టివ్ ఉంది" అని పెట్టింది. అప్పటికి నొప్పులు ఐదు నిమిషాలకోసారి వస్తున్నాయి. అది ఇంకా చెల్లదమ్మా అని చెప్పే ఓపిక లేదు. మర్నాడు తెల్లవారుజామున పాప పుట్టింది, అంతా మామూలుగానే జరిగింది.

అమ్మ వెళ్ళే వారం ముందు, "అలాంటి కాగితం మనదగ్గరా ఉందా?" అని అడిగింది. ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం అవసరమయ్యేది, 2023 జనవరిలో దాన్ని సడలించి నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ చాలన్నారు. ఇద్దరు సాక్షులు. తన తరపున మాట్లాడే దగ్గరివాళ్ళ పేరు అందులోనే రాయాలి. అక్క పేరు, నా పేరు రాయమంది. నేను తెలుగులో టైపు చేస్తుంటే పక్కన కూర్చుని, పాపను ఒళ్ళో ఊపుతూ, ఒకటే మాట రెండుసార్లు అడిగింది.

"మీ నాన్న సంతకం ఎక్కడా అక్కర్లేదు కదా?"

అక్కర్లేదమ్మా అన్నాను, రెండుసార్లూ.