తేదీ మారకూడదు: షేర్‌పాయింట్ 2010 వెర్షన్ నుంచి 2019 వెర్షన్‌కు మారిన నా అనుభవం

మందుల కంపెనీలో కంప్యూటర్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో, ప్లాంట్లు రెండు: ఒకటి జడ్చర్ల దగ్గర, రెండోది పరవాడలో. మాత్రల యంత్రాన్ని ఎలా కడగాలి, తూకం యంత్రాన్ని ఎన్నాళ్లకొకసారి సరిచూడాలి, మెట్ల మీద రసాయనం ఒలికితే ముందు ఎవరికి చెప్పాలి, ఇలా మా దగ్గర ప్రతి పనికీ ఒక ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన అధికారిక పత్రం) ఉంటుంది. ఆ పత్రాలన్నీ, వాటి పాత వెర్షన్లతో సహా, పదేళ్ల పాటు షేర్‌పాయింట్ 2010లో ఉండేవి. కంపెనీ పత్రాలను ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అది. పత్రం రాసేవారు, సరిచూసేవారు, ఆమోదించేవారు, చదివి పని చేసేవారు అందరూ కలిసింది అక్కడే.

షేర్‌పాయింట్ 2010కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 అక్టోబర్ 13తో ముగియాల్సింది. కొవిడ్ వల్ల ఆ గడువును 2021 ఏప్రిల్ 13కు జరిపారు. ఆ తేదీ దాటాక భద్రతా ప్యాచ్‌లు (లోపాలను సరిదిద్దే చిన్న సవరణలు) రావు. క్లౌడ్‌కు వెళ్లకూడదని, సొంత సర్వర్లలోనే షేర్‌పాయింట్ 2019 పెట్టుకోవాలని యాజమాన్యం నిర్ణయించింది. పని నాకు అప్పగించారు.

మొదట వచ్చిన ప్రతిపాదన చాలా తేలికగా కనిపించింది. బయటి నుంచి వచ్చిన ఒక సేవా సంస్థ స్క్రిప్ట్‌తో (తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో) ఫైళ్లన్నీ కాపీ చేస్తామని, రెండు వారాల్లో ముగించేస్తామని చెప్పింది. నాకూ అది నచ్చింది. 40 పత్రాలు నమూనాగా కాపీ చేయించి, క్వాలిటీ విభాగం చూసే మేడమ్ గారికి చూపించాను. ఆవిడ ఒక పత్రం తెరిచి, ఎడమ పక్కన ఉన్న వివరాలు చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఈ పత్రం 2012 మార్చిలో ఆమోదం పొందింది. ఇక్కడ నిన్నటి తేదీ ఉందేమిటండీ? రాసినవారి పేరు దగ్గర ఎవరిదో సర్వీస్ అకౌంట్ పేరుంది. పాత వెర్షన్లు ఏవీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ స్క్రిప్ట్ ఫైలునే తెచ్చింది, ఫైలు చరిత్రను తేలేదు. సర్వీస్ అకౌంట్ అంటే మనిషిది కాదు, ప్రోగ్రామ్ పని చేయడానికి వాడే ఖాతా. అమెరికాకు మందులు పంపే కంపెనీకి ఇది చిన్న విషయం కాదు. 1997 నుంచి అమల్లో ఉన్న 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు సృష్టించారో, మార్చారో తేదీ, సమయంతో సహా కంప్యూటరే నమోదు చేయాలి. కొత్త మార్పు పాత సమాచారాన్ని కప్పేయకూడదు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు 2012 నాటి పత్రం 2020లో పుట్టినట్టు కనిపిస్తే, ఆ పత్రం మీద నమ్మకం పోతుంది. ఆ రోజే మేడమ్ గారు నా నోట్‌బుక్ తీసుకుని పై అంచున "తేదీ మారకూడదు" అని రాశారు. తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఆ రెండు మాటలే కొలబద్ద.

తేదీ, పేరు, వెర్షన్ చరిత్ర మారకుండా ఉండాలంటే డేటాబేస్‌ను డేటాబేస్‌గానే తీసుకెళ్లాలి. షేర్‌పాయింట్ పత్రాలన్నీ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోని కంటెంట్ డేటాబేస్‌లలో ఉంటాయి. పాతదాని బ్యాకప్ తీసి, కొత్త చోట పునరుద్ధరించి, కొత్త షేర్‌పాయింట్‌కు తగిలిస్తే అది లోపలి నిర్మాణాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంటుంది. పత్రం వివరాలు చెక్కు చెదరవు. చిక్కేమిటంటే, ఈ దారిలో మెట్లు దాటేయడానికి వీల్లేదు. 2013 వెర్షన్ 2010 డేటాబేస్‌ను తీసుకుంటుంది, 2016 వెర్షన్ 2013ది మాత్రమే, 2019 వెర్షన్ 2016ది మాత్రమే. అంటే గమ్యం ఒకటే అయినా, మధ్యలో రెండు తాత్కాలిక షేర్‌పాయింట్లు కట్టి, వాటి మీదుగా నడిచి వెళ్లాలి. ఆ రెండింటిలో ఒక్క ఉద్యోగి కూడా ఎప్పుడూ లాగిన్ కాడు. అయినా వాటిని జాగ్రత్తగానే కట్టాలి. అక్కడ దెబ్బతిన్నది గమ్యంలోనూ దెబ్బతినే ఉంటుంది.

డేటాబేస్‌లు నాలుగు, అన్నీ కలిపి 410 జీబీ. పెద్దది 160 జీబీ. కదిలించే ముందు లోపల ఏముందో తెలుసుకోవాలి కదా. డేటాబేస్‌ను తగిలించకుండానే పరీక్షించే ఆదేశం ఒకటి పవర్‌షెల్‌లో (విండోస్‌లో టైప్ చేసి ఆదేశాలిచ్చే సాధనంలో) ఉంది. దాన్ని నడిపితే మూడు వందలకు పైగా వరుసల జాబితా వచ్చింది. ఈ ఫీచర్ కనబడటం లేదు, ఈ వెబ్ పార్ట్ (పేజీలో పెట్టుకునే చిన్న భాగం) ఎక్కడుంది, ఈ సెటప్ ఫైలు లేదు. రెండు రోజులు ఆ జాబితా ముందు కూర్చున్నాక నాకర్థమైంది: ఒక్కో వరుసా ఒకప్పుడు ఎవరో తీసుకున్న నిర్ణయం. 2007 వెర్షన్ కాలంలో ఉచితంగా దొరికిన హెల్ప్‌డెస్క్ టెంప్లేట్ ఒకటి ఎవరో పెట్టుకున్నారు. సెలవు క్యాలెండర్‌కు రంగులు వేసే వెబ్ పార్ట్ ఒకటి ఇంకెవరో పెట్టారు. వాళ్లు ఇప్పుడు కంపెనీలో లేరు, ఎందుకు పెట్టారో రాసి ఉంచలేదు. ఒక్కోదాన్నీ వెతికి, వాడకంలో ఉంటే దాని ప్యాకేజీని తెచ్చి పెట్టాను, లేకపోతే సంబంధిత విభాగం సంతకం తీసుకుని తొలగించాను. ఈ పనికే ఆరు వారాలు పట్టింది. మొత్తం ప్రాజెక్టులో నేను బాగా ఖర్చుపెట్టాననుకునే సమయం అదే.

ఇంకో జాబితా చూసి మాత్రం భయం వేసింది. చెక్ అవుట్ చేసి (మార్చడానికి తమ పేరు మీద పట్టి ఉంచుకుని), ఒక్కసారి కూడా తిరిగి చెక్ ఇన్ చేయని (అందరికీ అప్పగించని) ఫైళ్లు 212 ఉన్నాయి. అలాంటి ఫైలు అప్‌లోడ్ చేసినవారికి తప్ప ఎవరికీ కనిపించదు. వాటిలో 90 దాకా ఉద్యోగం మానేసినవాళ్లవి. లైబ్రరీ సెట్టింగుల్లోకి వెళ్లి వాటిని నా పేరు మీదికి తీసుకుని, విభాగాధిపతులతో తెరిపించి చూస్తే, పరవాడ బాయిలర్‌కు సంబంధించిన ఒక నిర్వహణ నివేదిక అందులో బయటపడింది. ఆ నివేదిక పోయిందనుకుని ప్లాంటువాళ్లు దాన్ని రెండోసారి తయారుచేయించుకున్నారట.

తర్వాత లాగిన్ పద్ధతి. 2010లో మేం వాడింది పాత క్లాసిక్ పద్ధతి. 2013 వెర్షన్ నుంచి క్లెయిమ్స్ పద్ధతే ప్రామాణికం; అందులో మనిషి ఎవరో చెప్పే డిజిటల్ చీటీని చూసి లోపలికి పంపుతారు. మార్చినప్పుడు ప్రతి ఉద్యోగి లాగిన్ పేరుకు ముందు ఒక కోడ్ గుర్తు వచ్చి చేరుతుంది. అనుమతులు సరిగ్గానే మారాయి. మా డీవియేషన్ ఫారాలు (పని నిర్ణీత పద్ధతి నుంచి పక్కకు పోయినప్పుడు నింపేవి) మాత్రం మొరాయించాయి. అవి ఇన్ఫోపాత్ అనే మైక్రోసాఫ్ట్ ఫారాల సాఫ్ట్‌వేర్‌లో చేసినవి. ఫారం తెరవగానే ఉద్యోగి పేరు, విభాగం, పై అధికారి పేరు యూజర్ ప్రొఫైల్ నుంచి వాటంతట అవే రావాలి. క్లెయిమ్స్‌లోకి మారాక ఆ గడులు ఖాళీగా ఉండిపోయాయి. ఫారం లోపలి నుంచి ప్రొఫైల్ సేవను పిలిచే కనెక్షన్‌ను విడిగా ఒక ఫైలుగా తీసి, సెక్యూర్ స్టోర్‌లో (షేర్‌పాయింట్ పాస్‌వర్డ్‌లు దాచే చోట) పెట్టిన ఖాతాతో పిలిచేలా మార్చాల్సి వచ్చింది. 14 ఫారాలకు ఒక్కోదానికీ ఇదే పని.

ఇక్కడ తెలుగు గురించి కొంచెం చెప్పాలి. ప్లాంట్లలో కార్మికుల కోసం భద్రతా సూచనలు తెలుగులో ఉంటాయి. వాటిలో చాలావరకు అను ఫాంట్లతో టైప్ చేసినవి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనిపిస్తుంది. లేనిచోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు లోపల నిజంగా ఉన్నవి ఆ అక్షరాలే. కొత్త షేర్‌పాయింట్‌లో సెర్చ్ సూచికను మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. అసలు మార్పిడికి ముందు చేసిన రిహార్సల్‌లో అది పూర్తయ్యాక నేను "ఆమ్లం" అని టైప్ చేసి వెతికాను. ఒక్క ఫలితం రాలేదు. ఆమ్లం ఒలికితే ఏం చేయాలో చెప్పే పత్రాలు మా దగ్గర కనీసం ఇరవై ఉన్నాయి! పాతదాంట్లోనూ అవి ఎప్పుడూ దొరకలేదు. కార్మికులు వెతకడం ఎప్పుడో మానేశారు, గోడ మీద అంటించిన కాగితమే వాళ్లకు ఆధారం. దీన్ని ఇలాగే కొత్త ఇంటికి తీసుకెళ్లడం నాకు మనస్కరించలేదు. ప్రాజెక్టు పరిధిలో లేదని పై అధికారి అన్నా, జడ్చర్లలో భద్రత చూసే ఒక పెద్దాయన, నేను కలిసి 64 పత్రాలను యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగా గుర్తించే ప్రామాణిక పద్ధతిలోకి మార్చాం. మార్చే సాఫ్ట్‌వేర్ వత్తులను అక్కడక్కడ తప్పుగా ఇచ్చేది. ఆయన ఒక్కో వాక్యం పైకి చదివేవారు, నేను సరిదిద్దేవాడిని. ప్రతి పత్రం మామూలు ఆమోద పద్ధతిలోనే కొత్త వెర్షన్‌గా వెళ్లింది. పాత వెర్షన్ తన తేదీతో కిందనే ఉంది.

మూడు రిహార్సళ్లు చేశాం. రెండోదాంట్లో 2016 వెర్షన్ పెద్ద డేటాబేస్‌ను తిప్పికొట్టింది. డేటాబేస్‌ను 2013కి తగిలించినంత మాత్రాన లోపలి సైట్ కలెక్షన్లు (విభాగాల వారీ సైట్ల గుంపులు) మారిపోవు, 2010 పద్ధతిలోనే నడుస్తూ ఉంటాయి. ప్రతిదాన్నీ విడిగా అప్‌గ్రేడ్ చేయాలి. ఒక్కటి మిగిలినా 2016 ఆ డేటాబేస్‌ను ఒప్పుకోదు. మా దగ్గర అలా మిగిలింది 2014లో మూసేసిన ఒక ప్రాజెక్టు సైటు. లాక్ వేసి ఉండటంతో మా స్క్రిప్ట్ దాన్ని దాటుకుని పోయింది. ఆ తర్వాత, పాత పద్ధతిలో ఉన్న సైట్ల లెక్క సున్నా అని చూపిస్తేనే రెండో మెట్టుకు వెళ్లాలని కాగితం మీద రాసుకున్నాం.

చిరునామా విషయంలో పెద్ద చర్చే జరిగింది. కొత్త వెర్షన్‌కు కొత్త వెబ్ చిరునామా ఉంటే బాగుంటుందని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక ఎస్‌ఓపీలో ఇంకో ఎస్‌ఓపీ లింకు ఉంటుంది. చిరునామా మారితే ఆ పత్రాలన్నీ దిద్దాలి, దిద్దితే కొత్త వెర్షన్, దానికి మళ్లీ ఆమోదాలు, మళ్లీ శిక్షణ సంతకాలు. పాత చిరునామానే ఉంచాం.

అసలు మార్పిడికి 2021 సంక్రాంతి సెలవులు ఎంచుకున్నాం. జనవరి 13 బుధవారం భోగి, ఆపైన పండుగ, కనుమ, శని, ఆదివారాలు. ప్లాంట్లు పండుగకు ఆగవు కాబట్టి పత్రాలు చదవడానికి అందుబాటులో ఉండి తీరాలి. అందుకే భోగి సాయంత్రం ఆరింటికి పాత డేటాబేస్‌లను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మార్చాం. షేర్‌పాయింట్ అది గమనించి మార్పులు చేసే బటన్లను తనే దాచేస్తుంది. షిఫ్టులో ఉన్నవాళ్లు ఎస్‌ఓపీలు చూస్తూనే ఉన్నారు. పాలకొల్లు నుంచి అమ్మ ఫోన్ చేసి ఎప్పుడు బయలుదేరుతున్నావని అడిగింది. ఈసారికి రాలేనని చెప్పాను.

గురువారం ఉదయానికి మొదటి మెట్టు పూర్తయింది, సైట్ల లెక్క సున్నా వచ్చింది. రాత్రికి రెండో మెట్టు పూర్తయింది. సైట్ల లెక్క సున్నా వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి నాలుగు డేటాబేస్‌లూ 2019లో తగిలాయి. వెబ్ చిరునామా ఏ సర్వర్‌కు వెళ్లాలో కంప్యూటర్లు గుర్తుంచుకునే డీఎన్ఎస్ గడువును వారం ముందే ఐదు నిమిషాలకు తగ్గించి ఉంచడంతో, రాత్రి పదకొండింటికి చిరునామాను కొత్త సర్వర్లకు తిప్పగానే నా ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుంది. సెర్చ్ క్రాల్ (పత్రాలన్నీ చదివి సూచిక కట్టే పని) మొదలుపెట్టాం. ఒంటిగంటకు లాగ్ చూస్తే అన్నీ "అనుమతి లేదు" అనే వరుసలే. సర్వర్ మీదే బ్రౌజర్ తెరిస్తే మూడుసార్లు పాస్‌వర్డ్ అడిగి తెల్ల పేజీ చూపించింది. బయటి నుంచి తెరిస్తే మామూలుగానే ఉంది.

డీబీఏ (డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగి), నేను గంటన్నర అనుమతులన్నీ తిరగేశాం. కారణం అనుమతుల్లో లేదు. విండోస్ సర్వర్ తనకు తానే, తన సొంత పేరు కాని మరో పేరుతో లాగిన్ కావాలని చూస్తే, భద్రత కోసం దాన్ని అడ్డుకుంటుంది. ఏ పేర్లను అనుమతించాలో రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఒక జాబితాగా ఇవ్వాలి. రిహార్సల్ చిరునామాను అందులో చేర్చాం, అసలు చిరునామాను చేర్చలేదు. రిహార్సల్ మరో పేరుతో చేయడం వల్లే మూడుసార్లూ ఈ లోపం కనిపించలేదు. ఆ తప్పు నాది. పేరు చేర్చి, సర్వర్లను ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేసి, రెండున్నరకు క్రాల్ మళ్లీ మొదలుపెట్టాం. తెల్లవారేసరికి పత్రాలు సూచికలోకి చేరుతున్నాయి. నేను మొదట వెతికిన మాట "ఆమ్లం". 23 ఫలితాలు వచ్చాయి. జడ్చర్ల పెద్దాయనకు వెంటనే ఫొటో పంపాను.

శనివారం పది గంటలకు మేడమ్ గారు వచ్చారు. కొత్త వ్యవస్థ పనికొస్తుందని క్వాలిటీ విభాగం సంతకం చేస్తేనే సోమవారం తలుపులు తెరవగలం. ముందే ఎంపిక చేసిన 60 పత్రాలకు పాత సర్వర్‌లో తీసిన ప్రింట్లు ఒక ఫైలులో ఉన్నాయి. ఒక్కోదాన్నీ కొత్తదాంట్లో తెరిచి వెర్షన్ సంఖ్య, మార్చిన తేదీ, మార్చినవారి పేరు, ఆమోద స్థితి పక్కపక్కన పెట్టి చూశాం. పీడీఎఫ్‌లకు హ్యాష్ విలువలు (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్యలు) కూడా పోల్చాం. మధ్యాహ్నం భోజనం ఆ బల్ల దగ్గరే కానిచ్చి, సాయంత్రం నాలుగు దాకా అదే పని.

చివరగా, జాబితాలో లేని ఒక పత్రం తనే ఎంచుకుని తెరిచారు. గ్రాన్యులేషన్ గదిని (మందు పొడిని గుళికలుగా చేసే గదిని) శుభ్రం చేసే ఎస్‌ఓపీ. వెర్షన్ చరిత్ర నొక్కి, కింది దాకా జరిపారు. మొట్టమొదటి వరుసలో 2011 ఆగస్టు నాటి తేదీ, ఉదయం 11.42, ఒక పేరు. ఆ పేరు చూసి కాసేపు ఆగిపోయారు.

"ఈయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. పోయిన జూలైలో పోయారు," అన్నారు.

నేనేమీ మాట్లాడలేదు. ఆవిడ ఆ తేదీని మరోసారి చదువుకుని, పెన్ను మూత తీసి, అంగీకార పత్రం మీద సంతకం చేసి, కింద ఆ రోజు తేదీ వేశారు.