చెరువు పక్క కోర్సు: డిసెంబర్ నుంచి మార్చి దాకా నా లెక్కలు

పర్లాకిమిడి దాటాక మా మావయ్య వాళ్ల పొలాలు ఒక చెరువుకి ఆనుకుని ఉన్నాయి. డిసెంబర్ మొదటి వారానికి వరి కోతలు అయిపోయి, కుప్పలు కళ్లానికి చేరాయి. మిగిలింది కొయ్యకాళ్లు, గట్లు, నిండు చెరువు. నాలుగు నెలల పాటు చెట్టు అడ్డం లేని ఇంత మైదానం ఖాళీగా ఉంటుంది కదా అని మావయ్యని అడిగితే, "పశువులకి తగలకుండా ఆడుకోండి" అన్నాడు. అలా డిస్క్ గోల్ఫ్ కోర్సు మొదలైంది. గోల్ఫ్ లాంటిదే, బంతికి బదులు పళ్లెం లాంటి డిస్కుని వీలైనన్ని తక్కువ విసుర్లలో లక్ష్యానికి చేర్చాలి.

తొమ్మిది హోల్స్, అంటే తొమ్మిది లక్ష్యాలు. మొత్తం 1,115 మీటర్లు, పార్ (బాగా ఆడేవాళ్లకి పట్టాల్సిన విసుర్లు) 30. అన్నిటికంటే చిన్నది 74 మీటర్లు, పెద్దది 210. ఆ రోజుల్లో నా బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరేది) 55 మీటర్లు పోతే గొప్ప. అంటే కోర్సు నా స్థాయికి మించి గీశానన్న మాట. తప్పు నాదే. మైదానం చూసి ఆశ పుట్టింది.

బాస్కెట్లు రెండే చేయించాను. పైన పిల్లల సైకిల్ రిమ్ము, దానికి పశువులను కట్టే సన్న గొలుసులు 18, కింద పెద్ద సైకిల్ రిమ్ముకి కోళ్ల గూటి జాలీ. బుట్ట అంచు నేల నుంచి 82 సెంటీమీటర్లు ఉండేలా వెల్డింగ్ కుర్రాడికి కొలత ఇచ్చాను. "బావిలో బిందె తీయడానికా?" అని అడిగాడు. ఆ రెండూ నాలుగో హోల్‌కి, ఏడో హోల్‌కి. మిగతా ఏడింటికీ ఎర్రగుడ్డ చుట్టిన వెదురు గుంజలు, తగిలితే చాలు. ఇదేం చిన్నతనం కాదు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో పెట్టిన తొలి శాశ్వత కోర్సులో కూడా మొదట గుంజలే లక్ష్యాలు. గొలుసుల బుట్ట ఎడ్ హెడ్రిక్ ఆ తర్వాత తెచ్చాడు.

డిస్కులు నాలుగు: దగ్గర విసుర్లకి అవియార్ పుట్టర్, మధ్య దూరానికి రాక్, దూరానికి లెపర్డ్, ఫైర్‌బర్డ్. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి. వేగం, గాలిలో తేలే గుణం, టర్న్ (మొదట్లో ఒరగడం), ఫేడ్ (చివర్లో రెండో పక్కకి దిగడం). లెపర్డ్‌కి 6, 5, మైనస్ 2, 1. ఫైర్‌బర్డ్‌కి 9, 3, 0, 4. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే లెపర్డ్ ముందు కుడికి ఒరిగి చివర్లో కాస్త ఎడమకి వస్తుంది. ఫైర్‌బర్డ్ కుడికి ఒరగనే ఒరగదు, వేగం తగ్గగానే గట్టిగా ఎడమకి దిగిపోతుంది. ఈ తేడా కాగితం మీద ఒక నెల చదివాను, చెరువు రెండు రోజుల్లో నేర్పింది.

డిసెంబర్ మూడో వారం. మొదటి పూర్తి రౌండు 52 విసుర్లు. ఆరు సార్లు నీళ్లలో. ఓబీకి (హద్దు దాటితే) ఒక త్రో పెనాల్టీ, డిస్కు నీళ్లలోకి దాటిన చోట గట్టు నుంచి మీటరు పొలం వైపుకి వచ్చి మళ్లీ ఆడాలి. ఆరు పెనాల్టీలు తీసేసినా 46. కాబట్టి నెపమంతా నీటి మీదే వేయలేను. మా బావమరిది 49 కొట్టి, ఇంటికెళ్లే దారంతా "పోన్లే బావా" అంటూనే ఉన్నాడు.

నాలుగో హోల్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే సగం టెన్షన్ అక్కడే. 165 మీటర్లు, పార్ 4, ఎడమ పక్క పొడవునా చెరువు. టీ, అంటే మొదటి విసురు విసిరే చోటు, ఈశాన్యానికి చూస్తుంది. చలికాలంలో గాలి మహేంద్రగిరి వైపు నుంచి సరిగ్గా ముఖం మీదికి వస్తుంది. ఎదురుగాలిలో డిస్కుకి తగిలే గాలి వేగం పెరుగుతుంది కాబట్టి టర్న్ ఎక్కువవుతుంది. లెపర్డ్ కుడికి తిరగబడి పక్క పొలంలో దొర్లింది. ఆ భయంతో ఫైర్‌బర్డ్ తీస్తే, ముందు బాగానే వెళ్లి చివర్లో ఎడమకి దిగి నీళ్లలో పడింది. ముక్కు కాస్త ఎత్తితే ఇంకా ఘోరం, గాలిపటంలా పైకి లేచి వెనక్కి వచ్చింది.

హైజర్, యాన్‌హైజర్ అనే మాటలు ఇక్కడి పిల్లలకి నోరు తిరగలేదు. జల్లెడ వాల్చినట్టు బయటి అంచు కిందికి ఉంటే "వాలు", పైకి ఉంటే "ఎదురువాలు" అని వాళ్లే పేరు పెట్టారు. పర్లాకిమిడి గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మరి, వాడుక మాటకే ఓటు. నేనూ అవే వాడుతున్నాను.

జనవరి, సంక్రాంతి మర్నాడు. చెరువులో విసురు వల వేసే తాత గట్టు మీద కూర్చుని నా విసుర్లన్నీ చూశాడు. రెండు డిస్కులు మునిగాక లేచి వచ్చాడు. "సేత్తో ఇసిరితే అక్కడే పడతాది బాబూ, నడుం తిప్పాల" అన్నాడు. తర్వాత వల వేసి చూపించాడు. వల అంచు ఒకటి పళ్లతో పట్టుకున్నాడు, కొంత మోచేతి మీద వేసుకున్నాడు, మిగతాది కుడిచేతిలో. కాళ్లు కదలలేదు. ముందు మోకాలు వంగింది, తర్వాత నడుం తిరిగింది, చెయ్యి అన్నిటికంటే చివర్న వచ్చింది. వల నీటి మీద పళ్లెంలా పరుచుకుంది. "గాలికి ఎదురెల్లి ఏటి సేస్తావు, పక్కనుంచి ఎల్లు" అన్నాడు వల లాగుతూ. నేను వీడియోల్లో వందసార్లు విన్న పాఠమే, కానీ కంటి ముందు చూడటం వేరు.

ఆ రెండు వారాలు పరుగు లేకుండా, నిలబడి మాత్రమే విసిరాను. రోజూ సాయంత్రం 30 విసుర్లు, చెరువుకి వీపు పెట్టి. దూరం మొదట 48 మీటర్లకి పడిపోయింది. ఫిబ్రవరి మొదట్లో 62. మూడు అంగల పరుగు కలిపాక 70 దాటింది. నాలుగో హోల్‌లో ఇప్పుడు ఫైర్‌బర్డ్‌తో ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందుకి ఉంచి పక్క నుంచి విసిరేది), తక్కువ ఎత్తులో. ఫోర్‌హ్యాండ్‌లో ఫేడ్ కుడికి, అంటే నీటికి దూరంగా. 50 మీటర్లే పోతుంది, పొలంలోనే ఉంటుంది. తర్వాత రాక్‌తో రెండు, పుట్ (దగ్గర నుంచి బుట్టలోకి విసురు) ఒకటి రెండు. అయిదు వస్తే తృప్తి.

ఏడో హోల్ 82 మీటర్లు, అందులో నీళ్లు 45. గాలి కుడి పక్క నుంచి. వాలులో విసిరితే ఆ గాలి డిస్కు అడుగున తగిలి, పైకి లేపి ఎడమకి మోసుకుపోతుంది. బుట్టకి పది మీటర్లు కుడిగా గురి పెట్టాలని తెలియడానికి నాకు ఒక రాక్ ఖర్చయింది. నేరుగా దాటించాలని 12 సార్లు ప్రయత్నించాను. అయిదు సార్లు అవతలికి చేరింది. ఆ 12 సార్ల సగటు 5 పైనే. గట్టు వెంట చుట్టూ తిరిగి రెండు విసుర్లలో చేరితే దాదాపు ప్రతిసారీ 4. లెక్క తెలిసీ ఆదివారం జనం చూస్తుంటే నేరుగానే విసురుతాను, ఏం చేస్తాం. ఒక సవరణ మాత్రం చేశాం. నీళ్లలో పడితే ఇవతలి గట్టు నుంచి మళ్లీ అదే 45 మీటర్లు దాటించాల్సి వస్తోందని, అవతల ఒక డ్రాప్ జోన్ (నీళ్లలో పడ్డాక మళ్లీ విసిరే చోటు) పెట్టుకున్నాం.

మునిగిన డిస్కుల సంగతి. చెరువులోకి దిగొద్దు. తామర తూళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి, అడుగున మోకాలి లోతు బురద. ఇనుప పంజాకి 15 మీటర్ల తాడు కట్టి, విసిరి లాగాలి. లోపలికి పోయినవాటికి తాత వలే దిక్కు. ముదురు నీలం, ఆకుపచ్చ కొనొద్దు, రెండడుగుల లోతులోనే మాయం. తెలుపు, గులాబీ మేలు. ఇన్నోవా డిస్కుల కంపెనీ వాళ్ల డ్రాగన్, హైడ్రా లాంటి తేలే డిస్కులూ ఉన్నాయి. నాకు అవి ఉన్నాయని తెలిసేసరికి మూడు పోయాయి.

పుట్టింగ్ గురించి చెప్పుకోదగ్గది లేదు. అయిదు మీటర్ల నుంచి 20కి 13. పది మీటర్ల లోపల పుట్ విసిరాక ముందుకి తూలకూడదు, నిలదొక్కుకున్నాకే అడుగు వేయాలి. గాలిలో అదీ కష్టమే.

మార్చి రెండో వారం. 41. నీళ్లలో ఒక్కసారి. చెరువు నాలుగో హోల్ పక్కన ఏడెనిమిది మీటర్లు వెనక్కి తగ్గింది, కాబట్టి ఓబీ గీత కూడా జరిపాం. ఎండిన బురద పెంకులు పెంకులుగా లేచింది. వాటి మధ్య పోయిన రాక్ కనిపించింది, బోర్లా పడి, లోపల రెండు నత్తలు. ఇంకోటి, అవియార్, మేకలు కాసే గుంటడికి దొరికిందట, వాళ్లమ్మ దాంట్లో కోడిపిల్లలకి నీళ్లు పోస్తోంది. అడగబుద్ధి కాలేదు. గులాబీ లెపర్డ్ ఇంకా లోపలే ఉంది. నీళ్లు మరో అయిదు మీటర్లు తగ్గితే దాని చోటు బయటపడాలి.